ఫాయిల్ తోక రెక్క: ముందు కోణం, ఆ తర్వాత అంచు, చివరికే రంపం

వింగ్ ఫాయిలింగ్ (చేత్తో పట్టుకున్న గాలి రెక్క లాగుతుంటే, అడుగున ఫాయిల్ అనే నీటి రెక్కలున్న బోర్డు మీద నీటికి పైన తేలుతూ పోయే ఆట) కాస్త ఒంటబట్టాక దాదాపు అందరూ అడిగేది ఒకటే: “తోక రెక్క కొసలు ఎంత కొయ్యమంటారు?” శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఫాస్టర్ సిటీ థర్డ్ అవెన్యూ దగ్గరో, క్రిస్సీ ఫీల్డ్ దగ్గరో నీళ్లలోకి దిగే మనవాళ్లు అడుగుతున్నారు. కొలంబియా నది మీద గాలి కోసం హుడ్ రివర్ దాకా వెళ్లొచ్చినవాళ్లు మరీ గట్టిగా అడుగుతున్నారు. ఎవరో కోసుకుని వేగం పెంచుకోవడం కళ్లారా చూసి వచ్చారు కదా.

అందరికీ నేను చెప్పేది, ముందు రంపం పక్కన పెట్టండి. మీరు కోరే మార్పులో ఎక్కువ భాగం అర మిల్లీమీటరు మందం ఉన్న చిన్న ముక్కతోనూ (దీన్నే షిమ్ అంటారు), సాండ్ పేపర్‌తోనూ వచ్చేస్తుంది. ముక్క నచ్చకపోతే తీసేయొచ్చు. కోసిన కొసను మళ్లీ అతికించలేం. అందుకే ఇక్కడ పని వరస కోణం, అంచు, కోత. ఏ మెట్టు దగ్గర మీ కోరిక తీరితే అక్కడే ఆగిపోండి.

ఈ మాత్రం సిద్ధాంతం చాలు

బోర్డు కింద నిలువుగా దిగే స్తంభం మాస్ట్. దాని అడుగున ఫ్యూజలేజ్ అనే అడ్డ కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ ముందు కొసన పెద్ద రెక్క, వెనక కొసన చిన్న రెక్క, అదే తోక. పెద్దది మిమ్మల్ని పైకి లేపుతుంది. చిన్నది మామూలుగా కిందికి లాగుతుంది. ఆ లాగుడే ముక్కు కిందికి పడిపోకుండా ఆపుతుంది. గాలిపటానికి తోక ఎలాగో ఫాయిల్‌కి ఇదీ అలాగే: లేకపోతే గింగిరాలు కొడుతుంది, మరీ ఎక్కువైతే బరువై లేవనంటుంది.

తోక కిందికి లాగే ప్రతి కిలోనూ ముందు రెక్క అదనంగా మొయ్యాలి. అంటే లాగుడు అవసరానికి మించితే తోక దగ్గర ఒకసారి, ముందు రెక్క దగ్గర ఇంకోసారి నష్టపోతారు. తోక వాలి ఉండే కోణం అర డిగ్రీ తగ్గించగానే బోర్డుకి పట్టిన బ్రేకు వదిలినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ముందు మీ బాధ ఏమిటో తేల్చుకోండి

ముందు కాలి తొడ మండిపోతోందా? వేగం పెరిగేకొద్దీ ఫాయిల్ పైకి తన్నుకొచ్చి నీళ్లలోంచి బయటపడుతోందా? అయితే తోక కోణం ఎక్కువగా ఉంది. షిమ్ చాలు.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముక్కు దిగబడుతోందా? బోర్డు నీళ్లకు తగిలినప్పుడల్లా ముందుకి పల్టీ కొడుతున్నారా? ఇది పై బాధకు తలకిందులు. కోణం తక్కువైనా కావచ్చు, తోక మీ స్థాయికి చిన్నదైనా కావచ్చు. ఈ స్థితిలో తోక అస్సలు కొయ్యకండి.

ఒక వేగం దాటగానే గుయ్యిమని మోతో, ఈలో వినిపిస్తోందా? అది వెనకంచు పని. సాండ్ పేపర్‌తో పోతుంది.

వేగం బాగానే ఉంది, కాలి మీద బరువు సరిగ్గానే ఉంది, కానీ తిరగమంటే మొండికేస్తోందా? అప్పుడు మాత్రమే కోత గురించి ఆలోచించండి.

పంపింగ్‌లో (కాళ్లతో బోర్డును ఊపుతూ ముందుకి పోవడంలో) తొందరగా ఆయాసం వస్తోందని కోద్దామనుకునేవాళ్లు ఆగండి. కొసలు కోస్తే పొడవు తగ్గుతుంది. తక్కువ వేగంలో జారుతూ పోయే గుణం ఆ పొడవులోనే ఉంది. మీకు కావలసింది సన్నగా, పొడుగ్గా ఉండే తోక. పాతది కోస్తే అది రాదు.

తోకను అనుమానించే ముందు ఇంకొకటి చూసుకోండి. మాస్ట్‌ను బోర్డు పట్టాలో ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే ముందు కాలి బరువు తగ్గుతుంది, ముందుకి జరిపితే పెరుగుతుంది. చాలామంది బాధ ఇక్కడే తీరిపోతుంది.

కావలసినవి

- డిజిటల్ కాలిపర్, స్టీల్ స్కేలు, గ్రాములు చూపించే వంటింటి తూకం, గ్రాఫ్ కాగితం
- మీ ఫాయిల్ స్క్రూలకు సరిపడే బిట్, స్క్రూలకు పూసే మెరైన్ గ్రీజు లేదా టెఫ్‌జెల్
- పాత ప్లాస్టిక్ కార్డులు, ఎలక్ట్రికల్ టేపు, పార్సిల్ టేపు, మాస్కింగ్ టేపు
- 120, 220, 400, 600 గ్రిట్ సాండ్ పేపర్లు (అంకె పెరిగేకొద్దీ నునుపు). 220 పైవి నీళ్లలో తడిపి వాడేవి అయి ఉండాలి
- సాండ్ పేపర్ చుట్టడానికి ఒక గట్టి చెక్కముక్క, ఒక మెత్తటి స్పాంజి ముక్క
- నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, దాన్ని చిక్కబరచడానికి సిలికా పొడి, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- కోసేవాళ్లకు సన్నపళ్ల హాక్సా బ్లేడు, ఒక చదును ఆకురాయి
- పీ100 ఫిల్టర్లున్న మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవుజులు

మాస్కు విషయంలో రాజీ పడకండి. కార్బన్ దుమ్ము, జీ10 అనే గాజుపోగు పలకల దుమ్ము రెండూ ఊపిరితిత్తులకు చెడ్డవే. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దితే దుమ్ము గాల్లోకి లేవదు. కార్బన్ దుమ్ములో కరెంటు పారుతుంది కూడా, కాబట్టి ఈ-ఫాయిల్ (మోటారు ఫాయిల్) బ్యాటరీ, ల్యాప్‌టాప్ లాంటివి ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. ఎపాక్సీ పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఇంకో మాట. రుద్దినా కోసినా వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. మీ దగ్గర ఉన్న ఒకే ఒక్క తోకను కొయ్యకండి. పాత తోక ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుని దాని మీద చెయ్యండి.

మొదటి భాగం: కోణం

1. ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోండి. తోక విప్పి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి తూకం వేయండి. గ్రాఫ్ కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి. స్క్రూల మధ్య దూరం కొలవండి. వెనకంచు మందం మధ్యలోనూ, రెండు కొసల దగ్గరా కొలవండి. ఫోటోలు తీయండి. ఈ కాగితం లేకపోతే ఏది ఎంత మారిందో తర్వాత తేల్చలేరు.

2. ఎంత మందం కావాలో లెక్క కట్టండి. ముందు స్క్రూకీ వెనక స్క్రూకీ మధ్య దూరాన్ని 0.0175తో గుణిస్తే ఒక డిగ్రీకి కావలసిన మందం వస్తుంది. స్క్రూల మధ్య 25 మి.మీ. ఉంటే అర డిగ్రీకి 0.22 మి.మీ., ఒక డిగ్రీకి 0.44 మి.మీ. అదే 40 మి.మీ. ఉంటే 0.35, 0.70. 50 మి.మీ. ఉంటే 0.44, 0.87. ఎప్పుడూ అర డిగ్రీతోనే మొదలుపెట్టండి. వినడానికి చిన్న సంఖ్యే అయినా, నీళ్లలో కాలికి అర డిగ్రీ స్పష్టంగా తెలుస్తుంది.

   బ్యాంకు కార్డు మందం 0.76 మి.మీ. అందరి ఇళ్లలో దొరుకుతుంది కాబట్టి అందరూ దాన్నే పెడతారు. 40 మి.మీ. దూరంలో అది ఒక డిగ్రీ దాటుతుంది, 25 మి.మీ. దూరంలో దాదాపు ఒకటీ ముప్పావు డిగ్రీ. “షిమ్ పెట్టాక ఫాయిల్ పాడైపోయింది” అని వచ్చే ఫిర్యాదుల వెనక తరచూ ఈ కార్డే ఉంటుంది. మొదటి ప్రయోగానికి ఎలక్ట్రికల్ టేపు పొరలు మేలు. టేపు మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కాలిపర్‌తో కొలిచి పొరలు వేయండి.

3. ఏ వైపు పెట్టాలో రెండుసార్లు చూసుకోండి. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: నీళ్లలో ఉండే తీరులో చూసినప్పుడు తోక ముందంచు కిందికి దిగితే లాగుడు పెరుగుతుంది, పైకి లేస్తే తగ్గుతుంది. తోక ఫ్యూజలేజ్ పైన కూర్చునే రకమైతే, లాగుడు తగ్గించడానికి షిమ్ ముందు స్క్రూ దగ్గర పెట్టాలి. ఫ్యూజలేజ్ కింద వేలాడే రకమైతే వెనక స్క్రూ దగ్గర. పెంచాలంటే రెండింట్లోనూ అటుదిటు.

   చాలామంది తప్పు చేసేది ఇక్కడే. విప్పేటప్పుడు బోర్డును తిరగేసి పెడతాం, పైది కిందది అవుతుంది. షిమ్ బిగించాక బోర్డును నిలబెట్టి ముందంచు ఎటు కదిలిందో కళ్లతో చూసుకోండి.

4. బిగించండి. స్క్రూలకు గ్రీజు పూయండి. ఉప్పునీటిలో స్టీలు, అల్యూమినియం, కార్బన్ ఒకదానికొకటి తగులుతూ ఉంటే తుప్పు పట్టి ఇరుక్కుపోతాయి. షిమ్ పెట్టాక స్క్రూ ఎంత లోపలికి దిగుతోందో చూడండి. ఎం6 (6 మి.మీ. లావు) స్క్రూకి కనీసం 6 మి.మీ. మర పట్టు ఉండాలి. చాలకపోతే అదే రకం పొడుగు స్క్రూ 316 స్టెయిన్‌లెస్ స్టీలులో తెచ్చుకోండి. కానీ మరీ పొడుగుదైతే రంధ్రం అడుగున తన్నుకుని, బిగిసినట్టు అనిపిస్తూనే వదులుగా ఉండిపోతుంది.

5. నీళ్లలో చూడండి. లాగుడు తగ్గించాక ముందు కాలి మీద బరువు తగ్గుతుంది. మొదట్లో ముక్కు కిందికి పోతున్నట్టు అనిపిస్తుంది. వెంటనే షిమ్ తీసేయకండి. పాదాలు కాస్త వెనక్కి పెట్టండి, లేదా మాస్ట్‌ను అర సెంటీమీటరు ముందుకి జరపండి. అప్పుడు తెలుస్తుంది అసలు తేడా.

6. నచ్చితే శాశ్వతమైన షిమ్ చేసుకోండి. ఒక స్క్రూ కిందే ముక్క ఉంటే రెక్క పీఠం మధ్యలో ఖాళీ మిగులుతుంది, బిగించినప్పుడు పీఠం వంగుతుంది, రోజులు గడిచేకొద్దీ పగులు వస్తుంది. టేపు కూడా ఒత్తిడికి నలిగి పలచబడుతుంది. అందుకని ఒక కొసన మందంగా, ఇంకో కొసన సున్నాకి దిగే ముక్క కావాలి. కొన్ని కంపెనీలు ఇలాంటివి తయారుగా అమ్ముతున్నాయి. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో ముద్రించుకోవచ్చు.

   ఏదీ లేకపోతే ఎపాక్సీతో పోత పోయండి. ఫ్యూజలేజ్ మీద, రెక్క పీఠం మీద పార్సిల్ టేపు అంటించండి. దానికి ఎపాక్సీ అతుక్కోదు. స్క్రూలకు కారు మైనం దట్టంగా పూయండి. మందం కావలసిన కొసన కొలిచిన ముక్క పెట్టి, సిలికా కలిపి వెన్నంత చిక్కగా చేసిన ఎపాక్సీని మధ్యలో నింపి, స్క్రూలు వేళ్లతో ఆగేంతవరకే తిప్పండి. 24 గంటలు కదపకండి. గ్యారేజీ చల్లగా ఉంటే ఇంకో రోజు ఆగండి. ఊడదీసి, బయటికి పొంగినదాన్ని ఆకురాయితో తీసేస్తే మీ ఫాయిల్‌కి అచ్చుగుద్దినట్టు సరిపోయే షిమ్ వస్తుంది. దాని మీద “ముందు”, “వెనక” అని రాయండి.

ఫ్యాక్టరీ కోణం నుంచి ఏ వైపుకైనా రెండు డిగ్రీలు దాటవద్దు. అంతకు మించితే చప్పటి తల స్క్రూ దాని గుంటలో సమంగా కూర్చోదు, ఒక పక్కే ఒరుసుకుని రెక్కను పగలగొడుతుంది.

రెండో భాగం: అంచులు, పైతోలు

7. దెబ్బలు పూడ్చండి. ముందంచు మీద రాళ్ల దెబ్బలుంటే ముందు ఆల్కహాల్‌తో తుడిచి, 120 గ్రిట్‌తో గరుకు చేసి, సిలికా కలిపిన ఎపాక్సీతో కాస్త పొంగేలా నింపండి. గట్టిపడ్డాక 220, 400, 600 వరసలో తడిపి రుద్దండి. గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తట్టకూడదు. అద్దంలా మెరవాల్సిన పని లేదు. 600 గ్రిట్ నునుపు చాలు, ఆపైన పాలిష్‌కి పెట్టే గంటలు మీ సంతోషం కోసమే.

8. ముందంచును పదును పెట్టకండి. కత్తిలా ఉంటే నీటిని బాగా చీలుస్తుందని అనిపిస్తుంది. అది నిజం కాదు. ముందంచు గుండ్రదనమే రకరకాల కోణాల్లో నీరు రెక్కను అంటిపెట్టుకుని పారేలా చేస్తుంది. దాన్ని సన్నం చేస్తే కోణం కాస్త మారగానే పట్టు తప్పుతుంది, మలుపులో తోక హఠాత్తుగా జారుతుంది. ముందంచు మీద స్పాంజి ముక్కతో తప్ప గట్టి చెక్కతో రుద్దవద్దు.

9. మోత ఎక్కడిదో కనుక్కోండి. మోత తోకదే అని ముందే నిర్ధారించుకోకండి. మాస్ట్ నుంచీ రావచ్చు, ముందు రెక్క నుంచీ రావచ్చు, వదులైన స్క్రూ వల్లా రావచ్చు. ముందు స్క్రూలు చూడండి. తర్వాత తోక వెనకంచు పొడవునా ఎలక్ట్రికల్ టేపు, ఒకటి రెండు మి.మీ. వెనక్కి పొడుచుకొచ్చేలా అంటించి ఒక చుట్టు తిరిగి రండి. మోత ఆగితేనో, స్వరం మారితేనో దొంగ తోకే. మారకపోతే టేపును మాస్ట్ వెనకంచుకి మార్చి చూడండి.

10. వెనకంచును ఒక పక్క వాలుగా రుద్దండి. మొద్దుగా ఉన్న వెనకంచు నుంచి సుడులు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వంతులవారీగా విడిపోతాయి. ఆ లయ రెక్క సహజ కంపనంతో కలిసినప్పుడు మోత పుడుతుంది. ఓడల ప్రొపెల్లర్లు పాడటం ఆపడానికి వాటి వెనకంచును ఒక పక్క చెక్కేది కూడా ఇందుకే. గట్టి చెక్కకు 220 గ్రిట్ చుట్టి, రెక్క ఉపరితలానికి సుమారు 30 డిగ్రీల వాలుగా, ఒకే ముఖం మీద రుద్దండి. వాలు వెడల్పు రెండు మూడు మి.మీ. చాలు. ఎడమ సగానికి పది రుద్దులు, కుడి సగానికి పది రుద్దులు, లెక్కపెట్టుకుంటూ చెయ్యండి. చివర 400తో నునుపు చెయ్యండి.

    పై ముఖాన్ని రుద్దితే తోక లాగుడు రవ్వంత తగ్గుతుంది, కింది ముఖాన్ని రుద్దితే రవ్వంత పెరుగుతుంది. కోణం తగ్గించాలనుకునేవాళ్లు పై ముఖమే ఎంచుకోండి. ఎడమ పక్క పైన, కుడి పక్క కింద మాత్రం ఎప్పుడూ రుద్దకండి. బోర్డు ఒక పక్కకి ఒరుగుతూ పోతుంది.

    అంచు అర మిల్లీమీటరు దగ్గర ఆగిపోండి. అంతకంటే పలచనైతే లాభం పెద్దగా పెరగదు, పడినప్పుడు పిక్క తెగుతుంది. ఫాయిల్ గాయాలకు కుట్లు పడటం ఈ ఆటలో కొత్తేమీ కాదు.

ఇక్కడిదాకా వచ్చి, ఒక కొత్త తోక కొన్నంత తేడా కనిపించి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. మీరూ ఆగగలిగితే ఆగండి.

మూడో భాగం: కోత

కోత వల్ల ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది సూటిగా చెప్పుకుందాం. నీటికి తగిలే వైశాల్యం తగ్గుతుంది కాబట్టి ఎక్కువ వేగంలో రాపిడి తగ్గుతుంది. పొడవు తగ్గుతుంది కాబట్టి ఒరగడం, తిరగడం తేలికవుతాయి. అదే సమయంలో ముక్కు పైకీ కిందికీ ఊగకుండా పట్టి ఉంచే బలం తగ్గుతుంది, తక్కువ వేగంలో జారుడు తగ్గుతుంది. అలల మీద తిరగాలనుకునేవాళ్లకు ఈ బేరం గిడుతుంది. పల్చటి గాలిలో తేలుతూ పోవాలనుకునేవాళ్లకు గిట్టదు.

కొయ్యకుండానే చిన్న తోక దొరికే దారీ ఉంది. మీ కంపెనీదే చిన్న సైజు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. హవాయి దీవుల్లో మావీలోని కేడీ మావీ లాంటి చిన్న తయారీదారులు వేరే కంపెనీల ఫ్యూజలేజ్‌లకు సరిపడే తోకలే ప్రత్యేకంగా చేస్తారు. డబ్బు పెట్టగలిగితే అదే మంచి దారి.

11. తోక దేనితో చేశారో తెలుసుకోండి. అచ్చులో పోసిన ప్లాస్టిక్ అయితే పని తేలిక, చేయి అలవాటు కావడానికి అదే మంచిది. గట్టి కార్బన్, జీ10 అయితే కోసి అంచు మూసేయాలి. లోపల నురుగు ఉన్న రెక్కయితే కోసిన చోట నీరు లోపలికి పోతుంది, మూత పని రెట్టింపు. వంగిన కొసలున్న తోకలో ఆ వంపు కోసేస్తే బోర్డు నేరుగా పోయే గుణం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి.

12. మొదటి కోత పక్కకి 10 మి.మీ. మించవద్దు. 400 మి.మీ. తోక 380 అవుతుంది. కొసలు సన్నవి కాబట్టి వైశాల్యం అంతకన్నా తక్కువ శాతమే తగ్గుతుంది. మొదట గీసుకున్న గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి ఎంత పోతోందో చూసుకోండి. మొత్తం మీద పదిహేను శాతం దాటితే అది వేరే తోక, మీ ఫ్యూజలేజ్ పొడవుకి సరిపడకపోవచ్చు. ఆ హద్దు నేను దాటను, మిమ్మల్నీ దాటమనను.

13. గుర్తు పెట్టి కొయ్యండి. కొస రెండు పక్కలా మాస్కింగ్ టేపు చుట్టండి, పోగులు చీలకుండా పట్టుకుంటుంది. రెక్క నడుమ గీత నుంచి కొలిచి గుర్తు పెట్టండి, కొస నుంచి కాదు. గీతకు రెండు మి.మీ. బయట సన్నపళ్ల బ్లేడుతో, నీళ్లు చిలకరిస్తూ నెమ్మదిగా కొయ్యండి. మిగిలిన రెండు మి.మీ. ఆకురాయితో తీయండి. కటింగ్ డిస్క్ తొందరగా కోస్తుంది కానీ దుమ్ము గదంతా నింపుతుంది, వేడికి రెసిన్ మెత్తబడుతుంది.

14. కోసిన ముక్కనే రెండో పక్కకి అచ్చుగా వాడండి. దాన్ని తిరగేసి రెండో కొస మీద పెట్టి గీత గీస్తే స్కేలుతో కొలిచినదానికన్నా కచ్చితంగా వస్తుంది. రెండూ అయ్యాక రెక్కను గ్రాఫ్ కాగితం మీద తిరగేసి పెట్టి ఎడమ, కుడి సరిచూడండి. అర మిల్లీమీటరు తేడా అయినా ఆకురాయితో సరిచేయండి. కోసిన ముక్కలు రెండూ వేరువేరుగా తూచినా తప్పు తెలిసిపోతుంది.

15. కొసను మలచండి. కోసిన చోట రెక్క మందంగా, మొండిగా ఉంటుంది. అలాగే వదిలేస్తే అక్కడ సుడి పెద్దదవుతుంది, కోసిన లాభంలో కొంత అక్కడే పోతుంది. ముందు మూలను గుండ్రంగా వెనక్కి వాల్చండి, వెనక మూలను అలాగే ఉంచండి. చివరి 15, 20 మి.మీ. మేర మందాన్ని క్రమంగా తగ్గించండి. పై ముఖం నుంచి, కింది ముఖం నుంచి సమానంగా తీయండి.

16. మూసేయండి. లోపల నురుగు కనిపిస్తే రెండు మూడు మి.మీ. తవ్వి, చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టి కార్బన్ అయితే పల్చటి ఎపాక్సీ రెండు పూతలు చాలు. మొదటి పూతను పోగులు పీల్చుకుంటాయి, రెండోది పైన నిలుస్తుంది. 24 గంటల తర్వాత 400, 600తో తడిపి రుద్దండి. మళ్లీ తూచి, కాగితం మీద కొత్త బరువు రాయండి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

నీళ్లలోకి దిగేముందు ఒక కొలత తప్పనిసరి. తోక బిగించాక, మాస్ట్ అడుగు వెనకంచు నుంచి తోక ఎడమ కొసకి, కుడి కొసకి కొలత టేపుతో కొలవండి. ఒక మిల్లీమీటరు కన్నా తేడా ఉంటే తోక స్క్రూల మీద తిరిగి కూర్చుంది. వదులు చేసి సరిచేయండి. “కోశాక ఒక పక్కకి లాగుతోంది” అనేవాళ్లలో కొందరికి కోత బాగానే ఉంటుంది, బిగింపే వంకర.

పరీక్ష ఒకే రోజు, ఒకే గాలిలో, ఒకే ముందు రెక్కతో చెయ్యండి. నిన్నటి తోకను ఇవాళ్టి గాలితో పోల్చితే మీకు తెలిసేది గాలి గురించే. వీలైతే మార్చని తోక ఒకటి ఒడ్డున ఉంచుకుని వెంటవెంటనే మార్చి చూడండి. ఒక్కసారికి ఒక్క మార్పే. షిమ్ మార్చి, మాస్ట్ జరిపి, రెక్క కోసి ఒకేసారి దిగితే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు.

మొదటి చుట్టు లోతైన నీళ్లలో, జనానికి దూరంగా, హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ వేసుకుని తిరగండి. వరసగా ఇవి చూడండి.

నిలకడగా పోతూ ముందు కాలి బరువు గమనించండి. మీ మామూలు వేగంలో రెండు కాళ్ల మీదా సమంగా ఉండి, వేగం పెరిగినప్పుడు ముందు కాలి మీద కొద్దిగా పెరగాలి. పెరగకుండా తగ్గుతూ ముక్కు దిగిపోతుంటే కోణం మరీ తగ్గించారు.

బరువును కాస్త వెనక్కి వేసి వదిలేయండి. ఫాయిల్ లేచి, తిరిగి సర్దుకుంటే మంచిది. లేస్తూనే పోతే, లేదా పైకీ కిందికీ ఊగుతూ ఉంటే తోక బలం చాలడం లేదు. అర డిగ్రీ తిరిగి కలపండి. అప్పటికీ ఊగితే పొడుగు ఫ్యూజలేజ్ పెట్టండి.

కావాలని బోర్డును నీళ్లకు తాకించండి. తాకి పైకి లేవాలి. అతుక్కుని ముందుకి విసిరేస్తే కోణం తక్కువ.

ఎడమకీ, కుడికీ మలుపులు తిప్పండి. ఒక పక్క తేలిగ్గా, ఇంకో పక్క మొండిగా ఉంటే ఒడ్డుకి వచ్చి ఇందాకటి టేపు కొలత మళ్లీ చూడండి. మీకు సహజంగా ఒక పక్క మలుపు ఎక్కువ అలవాటు ఉంటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

వేగం కోసం జీపీఎస్ వాచీలో గరిష్ఠ అంకె చూడకండి, అది ఒక్క గాలి తాకిడికి ఎగిరిపడుతుంది. 10 సెకన్ల సగటు చూడండి. బేలో ఆటుపోట్ల ప్రవాహం అంకెను పెంచుతుంది, తగ్గిస్తుంది. అందుకని అటూ ఇటూ రెండు వైపులా పోయి సగటు తీయండి. అంకె మారకపోయినా అదే వేగం తక్కువ శ్రమతో, చేతిలోని గాలి రెక్కను తక్కువగా లాగుతూ వస్తోందంటే మార్పు ఫలించినట్టే. పంపింగ్ చేసేవాళ్లు ఒకే రేవు నుంచి మొదలుపెట్టి ఎంత దూరం పోతున్నారో చూసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు లేని ఊపు వస్తుంది కాబట్టి అలిసిపోయాక కూడా ఒకసారి చూడండి.

మొదటి రోజు ముగిశాక ఫాయిల్‌ను మంచినీళ్లతో కడిగి, తోక విప్పండి. షిమ్ నలిగిందా, స్క్రూ గుంటల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఏమైనా వచ్చాయా చూడండి. తోకను రెండు రోజులు నీడలో ఆరనిచ్చి మళ్లీ తూచండి. కాగితం మీద రాసిన బరువు కన్నా రెండు మూడు గ్రాములు పెరిగి ఉంటే కోసిన కొస ఎక్కడో నీరు పీల్చుతోంది. ఆ చోట 120తో గీకి, ఇంకో వారం ఆరనిచ్చి, ఎపాక్సీ పూత మళ్లీ వేయండి.